మూడో రాత్రి బెంగ: సరిహద్దు క్యాంపస్‌లలో ఇండక్షన్ వారం నడపడం ఎలా

మొదటి రోజు ఎవరూ ఏడవరు. కొత్త బకెట్టు, కొత్త తాళం, అమ్మానాన్నలు పక్కనే. రెండో రోజు ఫారాలూ క్యూలతో గడిచిపోతుంది. మూడో రాత్రి పదింటికి లైట్లు ఆరాక మొదలవుతుంది అసలు సంగతి. కొత్తగా చేరిన పిల్లలకి కాలేజీని పరిచయం చేసే మన ఇండక్షన్ కార్యక్రమం మాత్రం ఉదయం తొమ్మిదిన్నరకి మొదలై సాయంత్రం ఐదుకి ముగుస్తుంది. పిల్లలకు మనం కావలసిన వేళకి మనం ఇళ్ళకి వెళ్ళిపోయి ఉంటాం.

ఆంధ్ర సరిహద్దుకి దగ్గర్లో ఒడిశాలో ఉన్న బరంపురం, పర్లాకిమిడి, గునుపురం, రాయగడ వైపు హాస్టళ్ళతో చాలా ఏళ్ళు వేగాను. ఆ అనుభవంతో రాస్తున్నదిది. హాస్టల్ వార్డెన్లకీ, ఇండక్షన్ బాధ్యత హఠాత్తుగా నెత్తిన పడ్డ లెక్చరర్లకీ, మెంటర్లుగా పేరిచ్చిన సీనియర్ పిల్లలకీ పనికొస్తుందని. సాంకేతిక విద్యని చూసే ఏఐసీటీఈ 2017లో ఇంజనీరింగ్ కాలేజీలకి మూడు వారాల ఇండక్షన్ పెట్టమంది. విశ్వవిద్యాలయాలని చూసే యూజీసీ 2019లో ‘దీక్షారంభ్’ పేరుతో మిగతా కోర్సులకీ మార్గదర్శకాలిచ్చింది. చాలాచోట్ల జరిగేది మాత్రం ఒక్క వారమే. సరే, ఆ వారంలోనే ఏం చెయ్యగలమో చూద్దాం.

పిల్లలు రావడానికి పదిహేను రోజుల ముందు

అడ్మిషన్ జాబితాలో మార్కులు, కేటగిరీ, ఫోన్ నంబరు ఉంటాయి. మనకి కావలసిన రెండు గళ్ళు అందులో ఉండవు: ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, ఇంటికి వెళ్ళడానికి ఎన్ని గంటలు పడుతుంది. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అడిగి ఆ గళ్ళు నింపండి. రెండు రోజుల పని, కానీ వారమంతా దాని మీదే నడుస్తుంది.

భాష సంగతి ఇక్కడ కాగితం మీద తేలదు. ఇచ్ఛాపురం పిల్లకి ఒడియా చెవిన పడుతూనే ఉంటుంది, విజయనగరం దాటి వచ్చిన పిల్లకి ఒక్క ముక్క రాదు. బరంపురంలోనే పుట్టి పెరిగిన తెలుగింటి కుర్రాడు బడిలో ఒడియా చదివాడు. తెలుగు గలగలా మాట్లాడతాడు గాని బోర్డు చదవలేడు. గునుపురం కొండల మీంచి వచ్చే సవర పిల్లకి ఇంట్లో సవర, బడిలో ఒడియా, సంతలో కాస్త తెలుగు. మన రిజిస్టరులో మాత్రం వీళ్ళందరూ ‘ఒడిశా’, ‘ఆంధ్ర’ అనే రెండు మాటల్లో సర్దుకుపోతారు.

ఈ జాబితా చేతిలో పెట్టుకుని గదులు కేటాయించండి. ఒకే భాషవాళ్ళందర్నీ ఒక్కచోట పడేస్తే వార్డెనుకి సుఖమే. కాని వారం తిరక్కుండానే దానికి ‘తెలుగు వరండా’ అని పేరు పడుతుంది, ఇక చదువు అయ్యేదాకా పోదు. అలాగని పదిహేను మంది ఒడియా పిల్లల మధ్య ఒక్క తెలుగు పిల్లని వెయ్యడం అంతకన్నా పెద్ద తప్పు. నేను పాటించే లెక్క ఇది: గదుల్లో కలపండి, కాని తన భాష మాట్లాడే మనిషి కనీసం ఒకరు అదే వరండాలో, చెప్పులు వేసుకోకుండా నడిచి వెళ్ళగలిగే దూరంలో ఉండాలి.

తర్వాత మెంటర్లు. యూజీసీ 2009 ర్యాగింగ్ నిరోధక నిబంధనల్లోనే ఆరుగురు కొత్తవాళ్ళకి ఒక మెంటర్ అని లెక్క ఉంది. ఆ ఆరు అన్న అంకెని గట్టిగా పట్టుకోండి. ఇరవై మందిని అప్పజెబితే పేర్లు గుర్తుపెట్టుకోవడంతోనే వారం అయిపోతుంది. స్టేజీ ఎక్కి బాగా మాట్లాడేవాళ్ళని ఎంచుకోవడం మనకలవాటు. నేనైతే నిరుడు తానే బెంగపెట్టుకుని, రెండు నెలలకి నిలదొక్కుకున్న పిల్లని వెతుకుతాను. వాళ్ళకి రెండు గంటల శిక్షణ చాలు. రోజూ ఆరుగురినీ కళ్ళారా చూడాలి. చెప్పింది వినాలి, సలహాలివ్వకూడదు. ప్రాణం మీదికి వచ్చే మాట ఏదైనా వింటే దాన్ని రహస్యంగా దాచకూడదు, వెంటనే వార్డెనుకి చెప్పాలి. ఈ మూడోది మూడుసార్లు చెప్పండి.

అదే శిక్షణలో ఇంకో మాట. యూజీసీ 2016లో చేసిన సవరణ ప్రకారం భాషని బట్టి, ప్రాంతాన్ని బట్టి వేధించడం, వెలివెయ్యడం కూడా ర్యాగింగే. యాస పట్టుకుని ఏడిపించడం, తెలుగువాళ్ళని ‘తెలెంగా’ అని పిలవడం, మనవాళ్ళు తిరిగి ‘ఒడ్డోడు’ అనడం సరదాల కిందకి రావు. ఇక్కడ ర్యాగింగ్ చాలావరకూ చెంపదెబ్బతో మొదలవదు, ఇలాంటి మాటతోనే మొదలవుతుంది. ఫిర్యాదుకి 1800-180-5522. ఈ నంబరు తెలుగులో, ఒడియాలో, ఇంగ్లిషులో రాసి స్నానాల గదుల బయట అంటించండి. నేను పనిచేసిన ఒకచోట ఈ పోస్టరు ఆఫీసు తలుపు వెనక, ఇంగ్లిషులో ఉండేది. తలుపు ఎప్పుడూ తెరిచే ఉంచేవాళ్ళు గనక పోస్టరు గోడవైపే ఉండేది. రెండేళ్ళ తర్వాత సున్నం వేసినప్పుడు గాని ఎవరికీ తెలియలేదు.

దిగిన రోజు: ముందు అన్నం, తర్వాత ఫారం

పాతపట్నం నుంచి పర్లాకిమిడికి ఆటోలో వచ్చేసేవాళ్ళుంటారు. మల్కన్‌గిరి నుంచి ఘాట్ రోడ్ల మీద రాత్రంతా బస్సులో వాంతులు చేసుకుంటూ వచ్చేవాళ్ళూ ఉంటారు. ఇద్దర్నీ ఒకే క్యూలో నిలబెట్టకండి. దిగగానే మంచినీళ్ళు, బాత్రూము, కూర్చోడానికి చోటు, తినడానికి ఏదైనా ఇచ్చి, ఆ తర్వాతే కాగితాలు అడగండి.

తల్లిదండ్రులతో ఓ అరగంట విడిగా కూర్చోండి. వాళ్ళ భాషలో చెప్పేవాళ్ళు పక్కన ఉండాలి. ర్యాంకుల గురించీ ప్లేస్‌మెంట్ల గురించీ ఆ రోజు వద్దు. రెండు విషయాలు చెప్పండి చాలు. మొదటిది ఫోన్: రోజుకి ఒక్కసారి, ఏడున్నరకో ఎనిమిదికో, వేళ పెట్టుకుని మాట్లాడమనండి. గంటగంటకీ ‘ఏం చేస్తున్నావమ్మా’ అంటే పిల్ల ఇంట్లోనూ ఉండదు, ఇక్కడా ఉండదు. రెండోది: ‘మూడో రోజో నాలుగో రోజో ఏడుస్తూ ఫోన్ చేస్తే భయపడి బండెక్కకండి, కొట్టిపారెయ్యకండి, మాకు ఫోన్ చెయ్యండి’ అని మీ సొంత నంబరివ్వండి.

వీడ్కోలుకి వేళ పెట్టండి, సాయంత్రం నాలుగన్నారంటే నాలుగే. కాని తొందరపెట్టకండి. ఒకాయన కొడుకు ట్రంకుపెట్టెని మంచం కోడుకి గొలుసుతో కట్టి, తాళం వేసి, లాగి చూసి, తాళంచెవి కొడుకు చేతికిచ్చి, గుమ్మందాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చి మరోసారి లాగి చూశాడు. ఆ పెట్టెలో దొంగలు ఎత్తుకుపోయేదేమీ లేదు. ఆయన్ని అలా లాగి చూసుకోనివ్వడమే ఆ నిమిషంలో మనం చెయ్యగలిగిన సాయం.

మెస్సు: అసలు కౌన్సెలింగ్ సెంటరు

దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే ఇండక్షన్ షెడ్యూళ్ళలో దీనికి ‘1.00–2.00 భోజనం’ అని తప్ప చోటుండదు.

ఒక ఆగస్టులో మధ్యాహ్నం మెస్సులో నిలబడి ఉన్నాను. ఓ కుర్రాడు పళ్ళెం పట్టుకుని వరసలో వచ్చాడు. అన్నం పెట్టించుకున్నాడు. దాల్మా, అంటే కూరగాయలు వేసిన ఒడియా పప్పు, దగ్గర చెయ్యి అడ్డం పెట్టాడు. కూర దగ్గరా చెయ్యి అడ్డం పెట్టాడు. చివరి బల్ల దగ్గర గోడవైపు తిరిగి కూర్చుని జేబులోంచి న్యూస్‌పేపరు పొట్లం తీశాడు. ఆవకాయ ముక్క. నూనె కాగితంలోకి ఇంకి చొక్కా జేబు మీద మరక పడింది. ముక్కని సగం నలిపి నాలుగు ముద్దలు తిన్నాడు. మిగిలిన సగాన్ని మళ్ళీ మడిచి జేబులో పెట్టుకున్నాడు, రాత్రికి. వడ్డించే పెద్దాయన నా పక్కకి వచ్చి, ‘సార్, ఆ బాబు మూడు రోజుల్నించీ నాలుగు ముద్దలే’ అన్నాడు. ఆ బాబు అప్పటికి ఒత్తిడి మీద రెండు ఉపన్యాసాలు విన్నాడు, హాజరు కూడా పడింది. కనిపెట్టింది మాత్రం గరిటె పట్టుకున్నాయన.

ఆవనూనె వాసన, లావు ఉప్పుడు బియ్యపు అన్నం, కారం లేని పప్పు. అలవాటైనవాళ్ళకి ఇవి అమృతం. చారు, పెరుగు, ఊరగాయలతో పెరిగిన పిల్లకి మొదటి వారం గొంతు దిగవు. ఇది ఒకవైపు బాధే కాదు. మనవాళ్ళ ఎర్రటి పులుసు కూర ఒడియా పిల్లలకి అంతే శిక్ష. అందుకని మొదటి వారం మటుకు కాంట్రాక్టరుతో ముందే మాట్లాడి మూడు ఏర్పాట్లు చెయ్యండి. ఒక కూర ఆవనూనె లేకుండా, మామూలు సన్‌ఫ్లవర్ నూనెతో వండించండి. రోజూ చారూ పెరుగూ ఉండాలి. బల్లల మీద ఊరగాయ సీసా బాహాటంగా పెట్టండి, జేబుల్లో దాచుకోనక్కర్లేకుండా. దీనికయ్యే ఖర్చు ప్రారంభసభలో శాలువాలకీ బొకేలకీ అయ్యేదాని కంటే తక్కువే ఉంటుంది.

వడ్డించేవాళ్ళని ఇండక్షన్ మీటింగుకి పిలిచి, కుర్చీ వేసి కూర్చోబెట్టండి. వాళ్ళకప్పగించే పని ఒక్కటే: ఎవరు వరసగా రెండు పూటలు రాలేదో, ఎవరు పళ్ళెం అలాగే పెట్టి లేచిపోతున్నారో రాత్రి తొమ్మిదికల్లా వార్డెనుకి చెప్పడం. శ్రావణ సోమవారాలు ఉపవాసముండే ఆడపిల్లలుంటారు, అది వేరు. ఆ సంగతి వడ్డించేవాళ్ళకే మనకంటే బాగా తెలుసు.

ఇంకో చిన్న పని. మొదటి రోజే రెండువైపుల పిల్లలకీ ఎదుటివాళ్ళ భాషలో ఒక్క ప్రశ్న నేర్పండి. తెలుగు పిల్లలకి ‘ఖాఇల కి?’, ఒడియా పిల్లలకి ‘తిన్నావా?’. వ్యాకరణం తర్వాత వాళ్ళే నేర్చుకుంటారు.

పగటి కార్యక్రమం

రోజుకి రెండు ఉపన్యాసాలు మించనివ్వకండి, ఒక్కోటీ నలభై నిమిషాలు. మిగతా సమయం ఆరుగురి గుంపుల్లో, మెంటరుతో, కాళ్ళమీద. డిస్పెన్సరీ, జెరాక్సు షాపు, ఏటీఎం, బస్సాగే చోటు, సెల్ సిగ్నల్ వచ్చే చోటు చూపించండి. ఒంటరిగా కూర్చుని ఏడవాలనిపిస్తే వెళ్ళగలిగే చోటు కూడా. నవ్వకండి, అది తెలియకే పిల్లలు బాత్రూముల్లో దూరతారు.

నాలుగో రోజు ఉదయం చీటీలు పంచండి. ‘ఇక్కడికి వచ్చాక నాకు దేనికి భయమేస్తోంది’ అని పేరు రాయకుండా, వచ్చిన భాషలో, వచ్చిన లిపిలో రాయమనండి. అదే సాయంత్రం చదివి మర్నాడు జవాబు చెప్పండి. ఆలస్యమైతే మళ్ళీ ఎవరూ రాయరు. నా చేతికొచ్చిన చీటీల్లో ఎక్కువగా కనబడేది చదువంటే భయం కాదు. ‘ఇంగ్లిషులో అడిగితే ఎలా చెప్పాలి’, ‘రూమ్మేట్లు ఏదో మాట్లాడుకుని నవ్వుతున్నారు, నా గురించేనేమో’. ఈ రెండోదానికి మందు సులువు. అర్థం కాని భాషలో నవ్వినప్పుడు ఎందుకు నవ్వారో పక్కవాడికి ఒక్క ముక్క చెప్పడం గది నియమంగా పెట్టండి.

పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి సవర పిల్లల కోసం తానే సవర నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు తయారుచేశారు. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా చేసుకుంటున్నాం. మీ ఇండక్షన్ ఆ దరిదాపుల్లో పడితే, దండలతో సరిపెట్టకుండా ఓ సవర పిల్లనో కువి అనే గిరిజన భాష మాట్లాడే పిల్లనో అడిగి అందరికీ పది మాటలు నేర్పించమనండి. వారమంతా నేర్చుకునేవాళ్ళుగా కూర్చున్న పిల్లలు ఆ గంట గురువులవుతారు.

రాత్రి తొమ్మిది నుంచి పదకొండు

మీ దగ్గరున్న మంచి మనిషిని పగటి స్టేజీ మీద కాకుండా ఇక్కడ పెట్టండి. ఆడపిల్లల హాస్టల్లో ఆడమనిషే తిరగాలి. మూడు, నాలుగు, అయిదు రాత్రులు తప్పనిసరి. మెస్సు నుంచి వచ్చిన పేర్లు చీటీలో రాసుకుని, ఆ గదులకి ముందుగా కాకుండా మధ్యలో ఎక్కడో వెళ్ళినట్టు వెళ్ళండి. ముందే వెళితే వరండా అంతా తెలిసిపోతుంది. తలుపు కొట్టండి. రమ్మన్నాక లోపలికి వెళ్ళి కూర్చోండి. నిలబడి మాట్లాడితే అది తనిఖీ.

‘తిన్నావా?’

‘తిన్నాను మేడమ్.’

‘ఏం తిన్నావమ్మా?’

పని చేసేది ఆ రెండో ప్రశ్నే. మొదటిదానికి అందరూ తిన్నామనే అంటారు. రెండోదానికి కళ్ళు కిందకి దిగుతాయి. అప్పుడు మీరు మాట్లాడకండి. వంద అంకెలు లెక్కపెట్టేంతసేపు ఊరుకోండి, అలవాటైతే కష్టమేమీ కాదు.

మనసు బాగోలేదని పిల్లలు ఆ మాటల్లో చెప్పరు. మగపిల్లలు తలనొప్పంటారు, ఆడపిల్లలు కడుపునొప్పంటారు, ఉత్తరాంధ్ర పిల్లలు ‘ఏటో లాగుంది’ అంటారు, ఒడియా పిల్లలు ‘మొన భల లాగునాహి’ అంటారు. తలనొప్పికి మాత్రిచ్చి పంపెయ్యకుండా ‘ఎప్పట్నించి? ఇంట్లో ఉన్నప్పుడు కూడా వచ్చేదా?’ అని అడగండి.

అనకూడని మాటలు కొన్ని ఉన్నాయి. ‘ఇంత చిన్నదానికి ఏడుస్తావా’, ‘మా రోజుల్లో ఇవన్నీ లేవు’. అన్నిటికంటే చెడ్డది, ‘మీ నాన్న అప్పు చేసి చదివిస్తున్నాడు, గుర్తుందా?’. ఆ అప్పు గుర్తుండబట్టే నిద్ర పట్టడం లేదు. వీటి బదులు మర్నాటికి ఏదో చిన్న పని అప్పగించండి. ‘పొద్దున్న ఆరున్నరకి మెస్సుకి వచ్చి పేపరు చదివి పెట్టు’, ‘ఆ వరండాలో నీళ్ళ ఫిల్టరు ఎన్నింటికి ఆగిపోతోందో చూసి చెప్పు’. రేపు పొద్దున్న తన కోసం ఎదురుచూసే మనిషి ఒకరున్నారని తెలియాలి, అంతే. మాటిచ్చారు గనక ఆరున్నరకి మీరూ అక్కడుండాలి.

బెంగ కానిది

బెంగ పగలు తగ్గి రాత్రి పెరుగుతుంది, తోటివాళ్ళతో కలిస్తే కాసేపు మర్చిపోతారు, రెండు మూడు వారాల్లో పలచబడుతుంది. అలా కాకుండా పగలూ రాత్రీ ఒకేలా ఉండటం, వరసగా నిద్ర లేకపోవడం, స్నానం మానెయ్యడం, వస్తువులు పంచిపెట్టేయడం, ‘నేను లేకపోతే ఇంట్లోవాళ్ళకి భారం తగ్గుతుంది’ అనడం, అన్నాళ్ళ దిగులు తర్వాత ఒక్కసారిగా ప్రశాంతంగా కనబడటం, ఇవి చూస్తే ఆగకండి. సూటిగా అడగండి: ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ ఆ మాట అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. అలా జరగదు. ఎవరైనా అడిగారని గుండె బరువు దిగుతుంది.

అవునంటే ఆ పిల్లని ఒంటరిగా వదలకండి, ఒక్క నిమిషం కూడా. బ్లేడ్లు, మాత్రలు, తాళ్ళు అందుబాటులో లేకుండా చెయ్యండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టండి. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, పైసా ఖర్చులేదు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడొచ్చు. ప్రాణాపాయం అప్పటికే మొదలైతే ముందు 112 లేదా 108. ఆస్పత్రికి వెళ్ళవలసి వస్తే దగ్గర్లోని జిల్లా ఆస్పత్రికి తీసుకెళ్ళండి. బరంపురం చుట్టుపక్కలైతే ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో మానసిక వైద్య విభాగం ఉంది. వీటి దారులూ బండి నంబర్లూ అర్ధరాత్రి వెతుక్కోకుండా ముందే రాసి వార్డెను బల్ల అద్దం కింద పెట్టండి. ఇంట్లోవాళ్ళకి చెప్పేముందు ‘మీ అమ్మకి ఫోన్ చేస్తున్నాను, పక్కనే ఉండు’ అని ఆ పిల్లకే చెప్పండి.

విశాఖలో నీట్ కోచింగు తీసుకుంటూ చనిపోయిన విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో ఆదేశాలిచ్చింది. వంద మంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలరో సైకాలజిస్టో సోషల్ వర్కరో ఒకరైనా ఉండాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఉండాలి. హెల్ప్‌లైన్ నంబర్లు కనబడేలా పెట్టాలి. మీ యాజమాన్యం ‘బడ్జెట్టు లేదు’ అంటే ఈ ఆదేశం ప్రింటు తీసి ఫైలులో పెట్టి పంపండి. కౌన్సెలర్ని పెట్టేటప్పుడు మీ పిల్లల భాషలు వచ్చినవాళ్ళని అడగండి. దుఃఖాన్ని ఇంగ్లిషులో చెప్పుకోగలిగేవాళ్ళు మన దగ్గర తక్కువ.

జ్వరం, నొప్పి, డబ్బు

కొరాపుట్, రాయగడ, గజపతి జిల్లాలు మలేరియా ఉన్న ప్రాంతాలు, ఇండక్షనేమో వానాకాలంలో వస్తుంది. జ్వరం వస్తే ‘బెంగ జ్వరంలే’ అనుకుని క్రోసిన్ వేసి పడుకోబెట్టకండి. అదే రోజు రక్తపరీక్ష చేయించండి. దోమతెరలు సామాన్ల జాబితాలో రాయండి, తేలేనివాళ్ళకి మీరే ఇవ్వండి. సికిల్ సెల్ అనే రక్తవ్యాధి ఉన్న పిల్లలు ఈ జిల్లాల నుంచి వస్తారు. హెల్త్ ఫారంలో ఆ వివరం అడగండి. ఆ ఫారం డాక్టరూ వార్డెనూ తప్ప ఎవరూ చూడకూడదు. వాళ్ళని ఎండలో గంటలకొద్దీ నిలబెట్టకూడదు, నీళ్ళు తాగుతూ ఉండనివ్వాలి. ఒళ్ళు విరిగిపోయే నొప్పి అంటే నాటకం అనుకోకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

డబ్బు గురించి పిల్లలు నోరు విప్పరు. పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ ఏ రాష్ట్రం వాళ్ళకి ఆ రాష్ట్రమే ఇస్తుంది, చదివే రాష్ట్రం కాదు. ఒక రాష్ట్రంలో ఎస్టీగా ఉన్న కులం ఇంకో రాష్ట్రం జాబితాలో ఉండకపోవచ్చు. సరిహద్దు పిల్లలు ఈ రెండు ఆఫీసుల మధ్య నలిగిపోతారు. రెండు రాష్ట్రాల కాగితాలూ తెలిసిన గుమాస్తాని ఆ వారమంతా ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టండి.

మొదటి ఆదివారం

సరిహద్దు క్యాంపస్‌లకే ఉన్న చిక్కు ఇది. ఇండక్షన్ శుక్రవారం అట్టహాసంగా ముగుస్తుంది. శనివారం మధ్యాహ్నానికి ఇచ్ఛాపురం, పలాస, పాతపట్నం, పార్వతీపురం పిల్లలు సంచులు సర్దుకుని రైళ్ళూ బస్సులూ ఎక్కేస్తారు. సాయంత్రానికి వరండాలో పదహారు గదులుంటే పన్నెండు తాళాలు కనబడతాయి. మిగిలేది మల్కన్‌గిరి, నవరంగ్‌పూర్ పిల్లలు, దూరపు తెలుగు జిల్లాలవాళ్ళు, ఛార్జీలకి డబ్బుల్లేనివాళ్ళు. వారమంతా ఆటలూ పాటలూ, ఒక్కసారిగా నిశ్శబ్దం. నేను చూసిన చాలా గొడవలు, ‘ఇంటికెళ్ళిపోతాను, చదువొద్దు’ అన్న నిర్ణయాలు ఆదివారం సాయంత్రం పుట్టినవే.

మొదట్లో తీసుకున్న జాబితాలోని రెండో గడి, ఇంటికి ఎన్ని గంటలన్నది, ఇప్పుడు బయటికి తీయండి. ఆరు గంటలు దాటినవాళ్ళ పేర్లు విడిగా రాయండి. ఆదివారం వాళ్ళ కోసం మెస్సులో వంటగది తెరిచి పెట్టండి. ఎవరికి వచ్చింది వాళ్ళు వండుకుంటారు. కూరగాయలు మీరివ్వండి, గ్యాసు దగ్గర ఓ పెద్దమనిషిని ఉంచండి. ఒకసారి తెలుగు పిల్లలు చింతపండు పులిహోర కలిపితే, మల్కన్‌గిరి కుర్రాడొకడు పఖాళలోకి, అంటే నీళ్ళు పోసి నానబెట్టిన అన్నంలోకి, ఎండుచేపలు కాల్చాడు. హాస్టలంతా వాసన, మర్నాడు మేనేజరు చివాట్లు. మళ్ళీ వారం ఇంటికెళ్ళే పిల్లల్లో ముగ్గురు ఆగిపోయారు.

వారం ముగిసిందని రిజిస్టరు మూసెయ్యకండి. కొత్తవాళ్ళ మధ్య పేర్లు లేని సర్వే మొదటి మూడు నెలలూ పదిహేను రోజులకోసారి చెయ్యాలని 2009 ర్యాగింగ్ నిరోధక నిబంధనల్లోనే ఉంది. దానికి మీరు రెండు ప్రశ్నలు కలపండి: రాత్రి నిద్ర పడుతోందా, ఇక్కడ నీ పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎంతమంది. రెండోదానికి ‘ఒక్కరూ లేరు’ అన్న జవాబు వచ్చిందంటే, పేరు లేని కాగితం కాబట్టి ఎవరో తెలియదు. ఆ రాత్రి అన్ని గదులకీ వెళ్ళాలి.